లోబెడ్ ఎక్కించే ముందు: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన సంచికలో బరువైన మిషన్లను ట్రైలర్ మీదికి ఎక్కించడం, దింపడం గురించి నాలుగు ముక్కలు రాస్తే ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. సగానికి పైగా ఆపరేటర్లు, కొందరు ఓనర్లు, ఇద్దరు ముగ్గురు హెల్పర్లు. ఒకాయన మాత్రం "ఇదంతా మాకు తెలిసిందే, కొత్తదేమన్నా ఉంటే చెప్పండి" అని రాశారు. ఆయనకో నమస్కారం. నేను చూసినంతలో లోబెడ్ (బరువైన మిషన్లు మోసే, నేలకు దగ్గరగా ఉండే ట్రైలర్) మీద నుంచి పడ్డ బండ్లన్నీ తెలిసినవాళ్ల చేతుల్లో పడ్డవే, కాబట్టి తెలిసిందే మళ్లీ చెబుతాను.

ప్రశ్న: సార్, నాది మూడున్నర టన్నుల చిన్న ఎక్స్‌కవేటర్. చిన్న లారీ వెనక తగిలించే ట్రైలర్ మీద తీసుకెళ్తుంటాను. మొన్న ఎక్కిస్తుంటే ట్రాకులు (చక్రాలకు బదులు తిరిగే పట్టాలు) ర్యాంపు మీదికి సగం వచ్చాయో లేదో, లారీ దానంతట అదే ముందుకు కదిలింది. హ్యాండ్ బ్రేకు వేసే ఉంది, గేరులో కూడా ఉంది. అదృష్టం బాగుండి మూరెడు దూరంలో ఆగింది. మెకానిక్‌కి చూపిస్తే బ్రేకు బాగానే ఉందంటాడు. మరి ఎందుకు కదిలినట్టు?

జవాబు: మెకానిక్ చెప్పింది నిజమే. బ్రేకు చక్రాన్ని పట్టుకునే ఉంది, ఆ చక్రానికి నేల మీద పట్టు లేకుండా పోయింది, అంతే. ట్రైలర్‌ను ఒక తక్కెడ అనుకోండి, దాని ఇరుసులు తక్కెడ ముల్లు. మిషన్ వెనక నుంచి ర్యాంపు మీదికి వచ్చినప్పుడు బరువంతా ఇరుసులకు వెనకాల పడుతుంది, దాంతో ముందు కొస పైకి లేస్తుంది. ఆ కొస తగిలించి ఉన్నది మీ లారీ వెనక భాగానికే కదా, అదీ పైకి లేస్తుంది. చక్రాలు గాల్లోకి లేవకపోయినా వాటి మీద బరువు తగ్గిపోతుంది. చాలా బండ్లలో హ్యాండ్ బ్రేకు వెనక చక్రాలనే పడుతుంది, గేరు పట్టు కూడా వాటికే. సరిగ్గా అదే సమయంలో ట్రాకుల్లో సగం ఇంకా నేల మీదే ఉండి మిషన్‌ను ముందుకు నెడుతుంటాయి, మిషన్ వెళ్లి ర్యాంపును నెడుతుంది. అంటే ముందుకు తోసేవాడున్నాడు, పట్టుకునేవాడు లేడు. ఇంక కదలక ఏం చేస్తుంది?

కాబట్టి హ్యాండ్ బ్రేకు మీద భరోసా వద్దు. లారీ ముందు చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టండి. వెనక లేచినప్పుడు బరువు వచ్చి పడేది ముందు చక్రాల మీదే, అక్కడ పెట్టిన చెక్కే పనిచేస్తుంది. ట్రైలర్ చక్రాలకు రెండు వైపులా పెట్టండి. రాయి దొరికింది కదా అని రాయి పెట్టకండి, గుండ్రటి రాయి చక్రంతో పాటే దొర్లుతుంది. అన్నిటికంటే ముఖ్యం, ట్రైలర్ తోక కింద, ర్యాంపు తగిలించే చోట ఆనించే కాళ్లుంటే దించండి. లేకపోతే గట్టి చెక్కదిమ్మెలు పేర్చి పైన రెండు వేళ్ల సందు వదలండి, మిషన్ ఎక్కేటప్పుడు తోక ఆ రెండు వేళ్లు కుంగి దిమ్మె మీద ఆగుతుంది, ముందు కొస లేవదు. లారీకి తగిలించకుండా ట్రైలర్‌ను విడిగా నిలబెట్టి ఎక్కించడం మాత్రం ఎప్పుడూ చేయకండి. అది నిజంగానే తక్కెడ అవుతుంది.

మిషన్ పైకి వచ్చాక ఎక్కడ ఆపాలన్నది కూడా ఈ తక్కెడ లెక్కే. ఇలా లారీ వెనక తగిలించే ట్రైలర్లకు మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ముందు కొక్కెం మీద పడాలి. మీ మిషన్ మూడున్నర, ట్రైలర్ ఒక టన్ను అనుకుంటే మొత్తం నాలుగున్నర, అంటే కొక్కెం మీద 450 నుంచి 675 కిలోల దాకా. అంతకంటే బాగా తగ్గితే రోడ్డు మీద స్పీడు పెరిగేకొద్దీ ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. ఒకసారి ఊగడం మొదలయ్యాక ఆపడం కష్టం. అలాగని మొత్తం ముందుకు తోసేస్తే లారీ ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ మాట వినదు. సరైన చోటు దొరికిన రోజున డెక్ (ట్రైలర్‌పై బండి నిలిచే పలక) మీద పెయింటుతో ఒక గీత గీసుకోండి, రేపటి నుంచి ఆ గీత దగ్గర ఆపితే చాలు.

ప్రశ్న: రోడ్డు రోలర్ ఎక్కిస్తుంటే ర్యాంపు మీద అడ్డంగా జారింది. సన్నగా చినుకులు పడుతున్నాయి. స్లోగానే ఎక్కించాను. నా తప్పేంటి?

జవాబు: స్లోగా ఎక్కించడం తప్పు కాదు, చినుకుల్లో ఎక్కించడం తప్పు. నున్నటి ఇనప డ్రమ్ము, కింద ఇనప ర్యాంపు, మధ్యలో నీళ్లు, ఎప్పుడో కారిన ఆయిలు. తడి, జిడ్డు ఉన్నప్పుడు ఇనుముకూ ఇనుముకూ మధ్య పట్టు (ఘర్షణ గుణకం) 0.1 నుంచి 0.2 దాకానే ఉంటుంది. 15 డిగ్రీల వాలు మీద జారకుండా నిలబడాలంటే 0.27 కావాలి. మీరు ఎంత నెమ్మదిగా పోయినా ఈ లెక్క మారదు.

చాలా మాన్యువల్స్ ర్యాంపు వాలు 15 డిగ్రీలు దాటొద్దంటాయి. డెక్ నేలకు 90 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే ఆ వాలుకు ర్యాంపు మూడున్నర మీటర్ల పొడవుండాలి. మన దగ్గర ఉండేవి రెండున్నర మీటర్లవి, అప్పుడు వాలు 21 డిగ్రీలవుతుంది, కావాల్సిన పట్టు 0.38కి పెరుగుతుంది. పొడవు ర్యాంపు లేకపోతే, కాస్త మెరక ఉన్న గట్టి నేల చూసుకుని ర్యాంపు కొస దాని మీద ఆనేలా ట్రైలర్‌ను నిలపండి, వాలు తగ్గుతుంది. అడ్డంగా వాలున్న నేల మీద మాత్రం వద్దు, ఒక పక్క చక్రాలు నాలుగు వేళ్లు కిందికున్నా రోలర్ ఆ పక్కకే పోతుంది.

ర్యాంపు మీద మట్టి, గ్రీజు గీకేయండి. రబ్బరు మ్యాట్ గానీ చెక్కలు గానీ పరవండి, అయితే వాటిని ర్యాంపుకు బిగించాలి, ఊరికే పరిస్తే డ్రమ్ము కింద మ్యాటే జారిపోతుంది. వైబ్రేషన్ ఆఫ్‌లో ఉందో లేదో చూసుకోండి. పైకి వచ్చాక నడుం దగ్గర వంగి తిరిగే బండ్లకు, అంటే రోలర్లకూ వీల్ లోడర్లకూ, మధ్యలో ఒక లాక్ పిన్ను ఉంటుంది, అది వేయండి. వేయకపోతే చైన్లు బిగించి ఉన్నా మలుపుల్లో బండి నడుం అటూఇటూ ఆడి చైను వదులవుతుంది. మళ్లీ దింపే ముందు ఆ పిన్ను తీయడం మర్చిపోతే స్టీరింగ్ తిరగదు, అది ర్యాంపు మీదికి వచ్చాక తెలిస్తే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

ప్రశ్న: అన్నా, నేను హెల్పర్‌ని, పనిలో చేరి నాలుగు నెలలు. ఎక్కించేటప్పుడు ఆపరేటర్ "చూడరా" అంటాడు. ఎక్కడ నిలబడి చూడాలో ఎవరూ చెప్పలేదు.

జవాబు: తమ్ముడూ, ఈసారి వచ్చిన వాటిలో అన్నిటికంటే మంచి ప్రశ్న నీదే. నీకు ఆపరేటర్ కళ్లు కనబడాలి, ఆయనకు నీ చేతులు కనబడాలి. నువ్వు ఆయన కంటికి కనబడని క్షణంలో బండి ఆగాలి, ఈ మాట పని మొదలుపెట్టకముందే ఆయనతో అనేసుకో. ర్యాంపు పక్కన, కింద, వెనకాల నిలబడొద్దు. బండి పక్కకు పడితే ఎంత దూరం పడుతుందో, అంటే కనీసం దాని ఎత్తంత, అంతకంటే దూరంలో ఉండు. లారీ క్యాబిన్‌కీ మిషన్‌కీ మధ్య డెక్ మీద నిలబడి "రా రా" అనే వాళ్లున్నారు, ఆ చోట నుంచి తప్పుకోవడానికి దారే ఉండదు. ట్రాకు ర్యాంపు అంచుకు ఎంత దూరంలో ఉందో చూడాలంటే ముందుకు వంగి చూడకు, ఆపమని సైగ చేసి, ఆగాక వెళ్లి చూడు.

సైగలు ఒక్కడే చేయాలి. నలుగురూ నాలుగు వైపుల నుంచి అరిస్తే ఆపరేటర్ ఎవరి మాటా వినడు. ఒక్క "ఆపు" మాత్రం ఎవరు చెప్పినా ఆపాల్సిందే, దారిన పోయేవాడు చెప్పినా సరే. ర్యాంపు జారినా, బండి ఒరిగినా చేయి అడ్డం పెట్టడానికో, చెక్క తోయడానికో పరిగెత్తకు. పది టన్నులు నీ చేతికి ఆగవు.

ప్రశ్న: చైన్ బండి, అంటే ట్రాకుల మీద నడిచే ఎక్స్‌కవేటర్, ఇరవై టన్నులది. కొందరు బూమ్ (బకెట్‌ను మోసే పొడవాటి చేయి) ముందుకు పెట్టి ఎక్కమంటారు, కొందరు వెనక్కి. ర్యాంపు చివర డెక్ మీదికి వచ్చేటప్పుడు ధబ్బున పడుతుంది, గుండె ఆగినంత పనవుతుంది.

జవాబు: బూమ్ ముందుకే, అంటే డెక్ వైపే ఉంచండి. ట్రాకులు తిప్పే స్ప్రాకెట్లు వెనక, అంటే నేల వైపు ఉండాలి. ఎక్కే ముందు కిందికి దిగి ఒకసారి కళ్లారా చూసుకోండి, ఎందుకంటే పై భాగం వెనక్కి తిరిగి ఉండి స్ప్రాకెట్లు ముందుకొస్తే లివర్లు తిరగబడతాయి, మీరు ముందుకు తోస్తే బండి వెనక్కి పోతుంది. నేల మీదైతే నవ్వుకుని సర్దుకుంటాం. ర్యాంపు మధ్యలో అలా జరిగితే చేయి కంగారుపడి ఇంకా గట్టిగా తోస్తుంది.

ట్రావెల్ స్పీడు తక్కువలో పెట్టండి. ఇంజన్ దానంతట అదే రేసు తగ్గించుకునే ఆటో ఐడిల్ ఉంటే ఆఫ్ చేయండి, లేకపోతే మీరు లివర్ వదిలి మళ్లీ తాకగానే రేసు పెరిగి బండి ఉలిక్కిపడుతుంది. ట్రాకుల్లో ఇరుక్కున్న మట్టి దులపండి. ర్యాంపుకు ఎదురుగా తిన్నగా నిలబెట్టండి. ర్యాంపు మీదికి వచ్చాక స్టీరింగ్ లేదు, స్వింగ్ (పై భాగం తిప్పడం) లేదు అనుకోండి. కొంచెం వంకరగా వచ్చిందా, కిందికి దిగి సరిచేసుకుని మళ్లీ ఎక్కండి. "కొంచెమే కదా, పైన సర్దుదాం" అనుకునేది ప్రతివాడూ అనుకుంటాడు, నేనూ అనుకున్నాను, ఎడమ ట్రాకు నాలుగు వేళ్లు బయటికి వచ్చాక గానీ బుద్ధి రాలేదు.

ఇప్పుడు మీ గుండె ఆగే చోటు. బండి బరువు మధ్యభాగం ర్యాంపు పై అంచు దాటే వరకు ముక్కు ఆకాశం వైపే ఉంటుంది. దాటిన మరుక్షణం మొత్తం బండి ముందుకు వాలి డెక్ మీద పడుతుంది. ఆ పడటాన్ని మింగేది బకెట్. ఎక్కుతున్నంతసేపూ బకెట్ జానెడు, జానెడున్నర ఎత్తులోనే ఉంచండి, పైకెత్తి పోవద్దు. అంచు దగ్గరికి రాగానే ఆగండి. ఒక్క క్షణం ఊపిరి తీసుకోండి. బకెట్‌ను డెక్ మీద ఆనీ ఆననట్టు దించి, అంగుళం అంగుళం ముందుకు కదలండి. బండి వాలడం మొదలవగానే బరువు బకెట్ మీదికి వస్తుంది, అప్పుడు బూమ్‌ను నెమ్మదిగా ఎత్తుతూ పోతే పెద్ద ముసలాయన మంచం మీద కూర్చున్నట్టు మెల్లగా కూర్చుంటుంది. ఆ సమయంలో ట్రైలర్ స్ప్రింగులు కుంగే చప్పుడు వినబడుతుంది, ధబ్బుమనే చప్పుడు వినబడదు. తేడా చెవికి తెలిసిపోతుంది.

సీటు బెల్టు పెట్టుకోండి. ఒరిగితే దూకేద్దాం అనుకుని బెల్టు పెట్టుకోరు చాలామంది. దూకినవాడి మీదే క్యాబిన్ పడుతుంది. క్యాబిన్ లోపల బెల్టుతో ఉన్నవాడు బతికే అవకాశమే ఎక్కువ.

ప్రశ్న: ఫోన్లో వీడియో చూశాను. ర్యాంపే లేకుండా బకెట్‌తో తన్ని ఎక్స్‌కవేటర్ లారీ ఎక్కేసింది. మా ఆపరేటర్ కూడా చేస్తానంటున్నాడు.

జవాబు: వీడియో తీసినవాళ్లు పడిన రోజు వీడియో పెట్టరు. వద్దని చెప్పండి. అలా ఎక్కేటప్పుడు బండి మొత్తం ఒక బకెట్ మీద, రెండు ట్రాకు కొసల మీద నిలబడి ఉంటుంది, కింద లారీ చక్రం కాస్త కదిలినా అంతే. ర్యాంపు లేకపోతే గట్టిగా తొక్కించిన మట్టి మెరక చేసుకోండి, అది నయం. ఆపరేటర్ చెయ్యి గొప్పదే కావచ్చు, ఆ చెయ్యి రేపటికి కూడా కావాలి కదా.

ప్రశ్న: చైన్లు ఎన్ని కట్టాలి? మా ఓనర్ రెండు చాలంటాడు. "ఇరవై టన్నుల బండి ఎక్కడికి పోతుంది" అంటాడు.

జవాబు: బరువైన బండి ఎక్కడికీ పోదనేది అందరూ నమ్మే అబద్ధం. కట్టుదిట్టాల లెక్కలు వేసేవాళ్లు, గట్టిగా బ్రేకు కొడితే సరుకు తన బరువులో 80 శాతం బలంతో ముందుకు తోస్తుందని, పక్కలకూ వెనక్కూ 50 శాతం తోస్తుందని పట్టుకుని లెక్కేస్తారు. ఇరవై టన్నుల బండి అంటే పదహారు టన్నుల తోపు, మీ డ్రైవర్ వీపు వైపుకు. ఈ మాట మీ ఓనర్‌కు చెప్పండి, కాదంటే ఆ క్యాబిన్‌లో ఆయన్నే కూర్చోమనండి.

అమెరికా రవాణా నిబంధన ఒకటి కొలబద్దగా పనికొస్తుంది. 4,536 కిలోలు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్న మిషన్‌కు కనీసం నాలుగు కట్లు, బకెట్ లాంటి కదిలే భాగాలు కిందికి దించి విడిగా కట్టాలి. కట్ల సామర్థ్యం మొత్తం కలిపి సరుకు బరువులో సగానికి తగ్గకూడదు. ట్రైలర్ నుంచి నేరుగా మిషన్‌కు కట్టిన చైనుకు దాని సామర్థ్యంలో సగమే లెక్కలోకి వస్తుంది. గ్రేడ్ 70 (గ్రేడ్ అంటే చైను బలాన్ని చెప్పే అంకె) రవాణా చైను అరంగుళంది సుమారు 5.1 టన్నులు పడుతుంది, అందులో సగం 2.55, నాలుగు చైన్లకు పది టన్నులు పైన. ఇరవై టన్నుల బండికి సరిపోయింది. అదే 3/8 అంగుళం చైను అయితే ఒక్కోటి మూడు టన్నులే, నాలుగు కట్టినా లెక్కలో ఆరు టన్నులే వస్తుంది. ఎనిమిది టన్నుల జేసీబీకి అది చాలు, మీ బండికి చాలదు. గ్రేడ్ చైను లింకుల మీదే అచ్చు వేసి ఉంటుంది. ఏ అచ్చూ లేని చైను బావిలో బకెట్‌కు కట్టుకోండి.

నాలుగు మూలల నుంచి, ముందువి ముందుకు, వెనకవి వెనక్కు లాగేలా కట్టండి. చైను మరీ నిటారుగా ఉంటే కిందికి నొక్కుతుందే గానీ ముందుకూ వెనక్కూ ఆపదు. మిషన్ మీద కొక్కెం బొమ్మ వేసి ఉన్న చోటే కట్టాలి. హైడ్రాలిక్ గొట్టాలకు, స్టీరింగ్ రాడ్లకు తగలకూడదు. బకెట్ కింద చెక్కదిమ్మె, స్వింగ్ లాక్, పార్కింగ్ బ్రేకు, ఇంజన్ ఆఫ్, తాళం జేబులో. బయల్దేరాక మొదటి 80 కిలోమీటర్ల లోపే ఆగి చైన్లు మళ్లీ చూడమంటుంది ఆ నిబంధన, తర్వాత 240 కిలోమీటర్లకో మూడు గంటలకో, ఏది ముందైతే అది. నేనైతే మొదటి పది కిలోమీటర్లకే ఒకసారి ఆపుతాను. టైర్ బండ్లు కుదుపులకు సర్దుకుని కూర్చుంటాయి, చైను అప్పుడే వదులవుతుంది.

ప్రశ్న: చైను బిగించే లివర్ బైండర్‌కు పైపు తొడిగి లాగితే తేలిగ్గా బిగుస్తుంది కదా, ఎందుకు వద్దంటారు?

జవాబు: నా కుడి మణికట్టు వాన పడే ముందు నొప్పి పెడుతుంది, అందుకు. పైపు తొడిగి బిగించినంత బలం ఆ లివర్‌లో దాక్కుని ఉంటుంది, విప్పేటప్పుడు ఒక్కసారిగా బయటికి వస్తుంది. నాకు పైపు ఎగిరి మణికట్టుకు తగిలింది, అదే ఒక జానెడు పైకి వచ్చి ఉంటే దవడకు తగిలేది. రాట్చెట్ బైండర్ వాడండి, నెమ్మదిగా బిగుస్తుంది, నెమ్మదిగానే వదులుతుంది.

ప్రశ్న: బండి ఎక్కించాక ఎత్తు ఎలా లెక్కేయాలి? డెక్ ఎత్తుకు బండి ఎత్తు కలిపితే చాలదా?

జవాబు: చాలదు. టేపు పెట్టి కొలవండి. బూమ్ మడిచినప్పుడు దాని మోచేయి క్యాబిన్ కంటే పైన ఉంటుంది, పుస్తకంలో రాసిన ఎత్తు దాన్ని వేరేగా మడిచినప్పటిది కావచ్చు. కొలిచిన అంకె సుద్దతో రాసి డ్రైవర్ ముందు అద్దం దగ్గర పెట్టండి.

ప్రశ్న: రాత్రి పదకొండింటికి సైటుకు చేరాం. ఓనర్ ఫోన్ చేసి ఇప్పుడే దింపేయండి, లోబెడ్ వెనక్కి పంపాలి అన్నాడు. లైట్లు లేవు. దింపేశాం, ఏమీ కాలేదు. కానీ టెన్షన్‌తో చచ్చాం. దింపేటప్పుడు ఏం చూసుకోవాలి?

జవాబు: ఏమీ కాలేదంటే సరిగ్గా చేశారని కాదు. ఎక్కించేటప్పుడు అందరూ జాగ్రత్తగా ఉంటారు, దింపేటప్పుడు "అయిపోయింది" అనే ధీమాలో ఉంటారు, పైగా అలిసిపోయి ఉంటారు.

చైన్లు విప్పకముందు ట్రైలర్ చుట్టూ ఒకసారి తిరగండి. దారిలో బండి ఒక పక్కకు జరిగి ఉంటే చైను ఒకటి వీణ తీగలా బిగుసుకుని ఉంటుంది, దాన్ని వేలితో మీటితే తెలుస్తుంది. ముందు అది ఎందుకు బిగుసుకుందో చూసి, పార్కింగ్ బ్రేకు ఉందని, చక్రాల కింద అడ్డుచెక్కలున్నాయని నమ్మకం కుదిరాకే విప్పండి, అదీ చైనుకు ఎదురుగా కాకుండా పక్కన నిలబడి. నేల కొత్తది కదా, కాలితో గట్టిగా తొక్కి చూడండి. ఉదయం గట్టిగా కనబడే పూడ్చిన మట్టి ర్యాంపు కొస కింద కుంగిపోతుంది, ఒక ర్యాంపు కుంగితే రెండోది కుంగదు, బండి ఒరుగుతుంది. పైకి చూడండి, కరెంటు తీగలున్నాయా అని. రాత్రి పూట తీగ కనబడదు, స్తంభాలు కనబడితే తీగ ఉందనే అనుకోండి.

దింపేటప్పుడు చైన్ బండికి బూమ్ ర్యాంపు వైపు తిప్పుకుంటారు, బకెట్ ముందు కాలులా పనికొస్తుంది కాబట్టి. అలా తిప్పిన క్షణం నుంచి పైన చెప్పినట్టు లివర్లు తిరగబడ్డాయి. డెక్ మీదే ఒక అడుగు అటూ ఇటూ కదిపి చేతికి అలవాటు చేసుకుని అప్పుడు అంచు దగ్గరికి రండి. ర్యాంపు మీద న్యూట్రల్ వద్దు, టైర్ బండి అయినా గేరులోనే దిగాలి. బాబ్‌క్యాట్ లాంటి చిన్న లోడర్ ఖాళీ బకెట్‌తో ఉంటే దాని బరువు వెనకాల ఉంటుంది, బరువైన వైపు ఎప్పుడూ వాలుకు పై వైపు ఉండాలి, అంటే ఎక్కేటప్పుడు రివర్సులో, దిగేటప్పుడు ముందుకు.

ఇక మీ ఓనర్ సంగతి. లైట్లు లేవు, నేల చూడలేదు, పొద్దున ఆరింటికి దింపుతాం అని చెప్పండి. కోప్పడితే కోప్పడనివ్వండి, లోబెడ్ ఆరేడు గంటలు ఆగితే అయ్యే ఖర్చు ఎంతో ఆయనకు తెలుసు, బండి బోర్లా పడితే ఎంతో కూడా తెలుసు. మీరు అలిసి ఉన్నారన్న సంగతి మాత్రం మీరు చెబితేనే ఆయనకు తెలుస్తుంది.